అలిగే చుట్టం చేతికి నేతి గిన్నె ఇవ్వండి

మీ చెల్లి పెళ్ళి భోజనాల్లో, అలంకరణలో, చిన్న చిన్న ముచ్చట్లలో కొత్తగా ఏం చేయొచ్చు, ఖర్చు మాత్రం చెయ్యి దాటకూడదు అని అడిగారు. నేను ఈవెంట్ మేనేజర్ని కాదు. రెండేళ్ళ కిందట మా చెల్లి పెళ్ళి దగ్గరుండి చేయించిన అన్నయ్యని. ఆ ఒక్క పెళ్ళి అనుభవంతోనే చెప్తున్నాను గానీ గట్టిగానే చెప్తున్నాను: ముందు మెనూ రాయకండి. మీ చుట్టాల్లో ఎవరెవరు అలుగుతారో ఆ జాబితా రాయండి.

నవ్వకండి. ప్రతి ఇంట్లో ఒకరుంటారు. మా ఇంట్లో మా పెదనాన్న. నా పెళ్ళికి శుభలేఖ మీద ఆయన పేరు రెండో వరసలో పడిందని తలంబ్రాల వేళకి వెళ్ళి కారులో కూర్చున్నాడు. నాన్న, ఇద్దరు మావయ్యలు అద్దం మీద తట్టి బతిమాలితే గంటకి దిగాడు. దిగి, ‘నాకు ఆకలిగా లేదు’ అన్నాడు. ఇప్పటికీ నా పెళ్ళి ఆల్బమ్‌లో ఆయన ఫోటో ఒక్కటి లేదు.

అందుకని చెల్లి పెళ్ళి మాటలు మొదలవగానే అమ్మ అన్న మొదటి మాట: ‘ఈసారి బావగారికి ఏదో ఒక పని చెప్పండిరా. ఖాళీగా కూర్చోబెడితే తప్పులు వెతుకుతారు.’

ఆ పని సంగతి తర్వాత చెప్తాను. ముందు అలంకరణ. మాది రామచంద్రపురం దగ్గర పల్లెటూరు. అందరూ పెట్టుకుంటున్నారు కదాని మేమూ ఒక ఈవెంట్ కుర్రాణ్ణి పిలిచాం. ట్యాబ్ తీసి, ‘పల్లెటూరి థీమ్ చేద్దాం సార్’ అన్నాడు. థర్మాకోల్ ఎడ్లబండి, ప్లాస్టిక్ గడ్డివాము, ప్రింటు కొట్టిన బావి. లక్షా ఎనభై వేలు. అతను ఆ మాట చెప్తున్నప్పుడు కూర్చున్న అరుగు మీంచి చూస్తే మా పశువుల సావిడి, అందులో తాతగారి బండి కనిపిస్తూనే ఉన్నాయి. కాఫీ ఇచ్చి పంపించేశాం.

ఆ బండి కడిగి, చక్రాలకి రంగు వేసి, అందులో విడి చామంతులు పోసి గుమ్మం దగ్గర పెట్టాం. పువ్వులకి తెల్లవారుజామున కడియపులంక వెళ్ళాం. నర్సరీలు చూడటానికి పగలు వెళ్తారు అందరూ, పెళ్ళి పువ్వులకి మాత్రం చీకటితోనే వెళ్ళాలి, ఎండ ఎక్కాక మిగిలేది వాడిన సరుకే. బంతి, చామంతి, లిల్లీ మాత్రమే కొన్నాం. గులాబీల జోలికి వెళ్ళలేదు, ఫ్యాన్ గాలికే తల వాల్చేస్తాయి. గుమ్మానికి గెలలతో ఉన్న అరటి చెట్లు, పందిరి చుట్టూ పచ్చి కొబ్బరాకులు. మా ఊళ్ళో కొబ్బరి దింపే ఆయన ఒకాయన కొబ్బరాకుతో చిలకలు అల్లుతాడని మాకు ఆ రోజు దాకా తెలియదు. రెండు మట్టలు ముందేసుకుని కూర్చుని, మాట్లాడుతూనే నలభై చిలకలు అల్లాడు. వేదిక మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా వాటినే వేలాడదీశాం. పెళ్ళయ్యాక పిల్లలు తలా ఒకటి పీక్కుపోయారు, అరటి చెట్లు గేదెలు తినేశాయి. మర్నాడు ఊడ్చి పారబొయ్యడానికి చెత్తే లేదు.

చిన్న ముచ్చట్లు అన్నారు కదా. భద్రాచలం కల్యాణానికి మా గోదావరి జిల్లాల భక్తులు ఏటా వడ్లు గోటితో ఒలిచి తలంబ్రాలు పట్టుకెళ్తారు. మా అత్తయ్యలకి ఆ ఆలోచన చెప్పాం. మూడు మధ్యాహ్నాలు చేటలు ముందేసుకుని కూర్చున్నారు. ఒలిచింది శేరు కూడా కాలేదు, మిగతావి కొట్టు బియ్యమే కలిపారు. అయితేనేం, పది మంది ఆడవాళ్ళు మూడు రోజులు టీవీ పెట్టకుండా పాత కబుర్లు చెప్పుకున్నారు. అసలు ఈ తలంబ్రాల్లో థర్మాకోల్ గుండ్లు కలిపే అలవాటు ఎవరు మొదలెట్టారో గానీ, జుట్టులో ఇరుక్కుని, కళ్ళల్లో పడి, పురోహితుడి గొంతులోకి పోయి, ఇదేం సరదా అండీ? పసుపూ నెయ్యీ పట్టించిన బియ్యం దోసిట్లోంచి జారితే ఆ చప్పుడే వేరు.

అడ్డుతెర కొత్తది కొనలేదు. అమ్మమ్మ పెళ్ళినాటి ఉప్పాడ చీర తీశాం. మడతల దగ్గర చిరిగితే అమ్మమ్మే కళ్ళజోడు పెట్టుకుని రఫ్ఫు కుట్టింది, ఒక్క చోట మాత్రం చూసుకోలేదు. అది సరిగ్గా పెళ్ళికొడుకు కంటి ఎత్తుకి వచ్చింది. మా బావ మెల్లిగా మెడ వంచి అందులోంచి చూడబోయాడు. పురోహితుడు మంత్రం ఆపి, ‘బాబూ, ముహూర్తం ఇంకా నాలుగు నిమిషాలుంది’ అన్నారు. పందిరంతా గొల్లుమంది. అమ్మమ్మ అయితే కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

ఇంత జరిగితే ఆ నవ్వు ఒక్క ఫోటోలో లేదు. ఫోటోల కుర్రాళ్ళు నలుగురూ అప్పుడు డ్రోన్‌కి బ్యాటరీ మారుస్తున్నారు. పైగా జీలకర్ర బెల్లం పెట్టాక, ‘ఇంకొక్కసారి పెట్టండి సార్, యాంగిల్ రాలేదు’ అన్నారు. ముహూర్తం ఇంకోసారి వస్తుందా? వాళ్ళ వీపులు చూడటానికా చుట్టాలు అంత దూరం నుంచి వచ్చింది? మీకు నేను ఇచ్చే సలహాల్లో ఇది రాసిపెట్టుకోండి: పెళ్ళికూతురు వైపు ఒక్కడు, పెళ్ళికొడుకు వైపు ఒక్కడు, అంతే. ముందు వరసకి అడ్డం నిలబడితే డబ్బులు కోస్తామని అడ్వాన్సు ఇచ్చేటప్పుడే చెప్పండి.

ఇక భోజనాలు. బఫే వద్దన్నాం. అరవై రకాలు పెట్టి, డెబ్బై ఏళ్ళాయన్ని ఒక చేత్తో పళ్ళెం పట్టుకుని లైనులో నిలబెట్టడం మర్యాద అని నాకెవరూ నచ్చచెప్పలేరు. అరటాకు వేసి, బంతికి తొంభై మంది చొప్పున నాలుగు బంతులు. మామిడికాయ పప్పు, పనసపొట్టు కూర, కంద బచ్చలి, బెండకాయ కొబ్బరి వేపుడు, గుమ్మడికాయ దప్పళం, పులిహోర, పూర్ణం బూరెలు, పెరుగావడ, అప్పడాలు, వడియాలు. ఇవి కాక పచ్చళ్ళు. లైవ్ కౌంటర్ ఒక్కటే పెట్టాం, అది దోసెలది కాదు. ఆత్రేయపురం నుంచి పూతరేకులు తీసే ఆవిణ్ణి పిలిపించాం. బోర్లించిన కుండ, కింద ఎండు కొబ్బరాకు మంట, పిండిలో ముంచిన గుడ్డ అలా ఒకసారి లాగితే కాగితం కన్నా పల్చటి రేకు. అక్కడే బెల్లం, నెయ్యి వేసి చుట్టి ఇస్తుంటే పిల్లలు కదల్లేదు. ఐస్‌క్రీమ్ పెట్టలేదని ఎవరూ అడగలేదు. కల్యాణమండపాల్లో అయితే పొగ అని ఒప్పుకోకపోవచ్చు, చేతులు కడుక్కునే కుళాయిల దగ్గర చోటు అడిగి చూడండి.

ఒక తప్పు కూడా చెప్పాలి. పనసపొట్టు కూరలో ఆవ పొయ్యి మీద ఉండగా కలిపితే చేదెక్కుతుంది, దించి వేడి తగ్గాక కలపాలి. ముహూర్తం దగ్గరపడుతోంది కానివ్వండి కానివ్వండి అని వంటాయన్ని నేనే తరిమాను. మొదటి గంగాళం చేదు. పారబోశాం. ఆయన నన్ను ఏమీ అనలేదు, రెండో గంగాళం దించాక మాత్రం నన్ను చూపించి, ‘వీరిని ఇటు రానివ్వకండి’ అని కుర్రాళ్ళతో చెప్పాడు.

ఇప్పుడు పెదనాన్న. నెయ్యి వడ్డన ఆయనకి అప్పగించాం. నాన్నే వెళ్ళి, ‘అన్నయ్యా, కూరలు ఎవరైనా వడ్డిస్తారు, నెయ్యి దగ్గరే పరువు పోతుంది, అది నువ్వే చూసుకోవాలి’ అన్నాడు. ఆయన ఏమీ మాట్లాడకుండా ఉత్తరీయం తీసి నడుముకి చుట్టాడు.

మనిషికి 10 గ్రాముల లెక్కన 350 మందికి మూడున్నర కిలోలు, ఎందుకైనా మంచిదని నాలుగు కిలోలు తెప్పించాం. ఆ లెక్క పెదనాన్నకి ఎవరూ చెప్పలేదు. పప్పన్నంలో ఒకసారి, కలిపాక ఇంకోసారి. బూరెల దగ్గరికి వచ్చేసరికి అడగడం కూడా మానేశాడు. ఆకు మీద బూరెకి బొటనవేలితో చిల్లు పెట్టడం, అది నిండి పొర్లేదాకా పొయ్యడం. బావ స్నేహితుడొకడు, హైదరాబాద్ కుర్రాడు, డైట్‌లో ఉన్నానండీ అని ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టాడు. పెదనాన్న ఆ చేతి మీదే పోశాడు. ‘డైట్ ఎల్లుండి నుంచి చేద్దువుగాని, ఇది మా అమ్మాయి పెళ్ళి’ అన్నాడు. ఆ కుర్రాడు ఒక్క క్షణం బిత్తరపోయి, చెయ్యి బూరె మీదకి వంచి నాకేశాడు. ఆ తర్వాత ఇంకో రెండు బూరెలు అడిగాడని వడ్డించినవాళ్ళు చెప్పారు.

‘మా అమ్మాయి’ అన్నాడు చూశారా? నాన్న ఆ మాట విని స్తంభం చాటుకి వెళ్ళిపోయాడు.

మూడో బంతి సగంలో నెయ్యి అయిపోయింది. చూస్తే పెదనాన్న లేడు. నా గుండె జారింది. సరిపడా నెయ్యి తెప్పించలేదని అలిగాడు, అయిపోయింది అనుకుని నేరుగా కారు దగ్గరికి పరిగెత్తాను. కారులో లేడు. కాసేపటికి మా తమ్ముడి బండి వెనక కూర్చుని, ఒళ్ళో స్టీలు డబ్బా పొట్టకి అదుముకుని వచ్చాడు. వాళ్ళింటి అటక మీద నుంచి దించుకొచ్చాడన్నమాట. మనవరాలి పురిటికి సున్నుండలు కట్టాలని పెద్దమ్మ నెల రోజులుగా వెన్న కాచి దాచుకున్న నెయ్యి అది.

పెద్దమ్మ ఆ సంగతి తెలియక నాలుగో బంతిలో కూర్చుంది. పెదనాన్న వచ్చి ఆవిడ బూరెకి కూడా చిల్లు పెట్టి పోశాడు. ఆవిడ వాసన చూసి, ‘కొట్టు నెయ్యిలా లేదే, ఎక్కడ తెప్పించారండీ?’ అంది. ‘తిను ముందు’ అని ఆయన పక్క ఆకుకి జరిగిపోయాడు. చెల్లి ఆల్బమ్‌లో ఆయన ఫోటోలు పదకొండున్నాయి, అన్నింట్లోనూ చేతిలో గిన్నె ఉంది.

మీరడిగింది అలంకరణ గురించి, భోజనాల గురించి, తెలుసు. నేను చెప్పినవి అన్నీ మీ ఊళ్ళో కుదరకపోవచ్చు కూడా. కానీ చిలకలు అల్లే మనిషీ, రఫ్ఫు కుట్టే అమ్మమ్మా, అలిగే పెదనాన్నా మీకూ ఉండే ఉంటారు. వాళ్ళని వెతకండి, మీ చెల్లి పెళ్ళికి ఏం కొత్తగా ఉండాలో వాళ్ళ దగ్గరే దొరుకుతుంది.

మూడో రోజు సాయంత్రం పెద్దమ్మ అటక ఎక్కింది. అప్పటి నుంచి అలక ఆవిడది. వచ్చే శ్రావణంలో మా తమ్ముడి పెళ్ళి. ఆవిడకి ఏ పని అప్పగిస్తే బాగుంటుందో మీలో ఎవరికైనా తోస్తే చెప్పండి, నెయ్యి తప్ప.