18446744073709551615 ప్రధాన సంఖ్యా? చేత్తో విడగొట్టగలమా?

కంప్యూటర్లో 64 బిట్లకు పట్టే అతి పెద్ద సంఖ్యగా కనిపించే ఈ 20 అంకెల సంఖ్యకు కాలిక్యులేటర్ లేకుండా కారణాంకాలు తేల్చవచ్చా అని అడిగారు. ప్రధాన సంఖ్య కాదని చూడగానే తెలుస్తుంది, చివర 5 ఉంది కదా. అంకెలన్నీ కూడితే 87 వస్తుంది, కాబట్టి 3తో కూడా భాగించబడుతుంది. మిగతావి తేల్చాలంటే ఈ సంఖ్య ఎలా పుట్టిందో తెలియాలి.

మాది పర్లాకిమిడి. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు. ఈ సంఖ్యను కంప్యూటర్ కంటే ముందు మా తాతయ్య నోట విన్నాను. తెలుగులో గణితాన్ని పద్యాలుగా రాసిన పాతకాలపు కవి పావులూరి మల్లన పద్యం ఒకటి "శర శశి షట్క చంద్ర శర సాయక" అని మొదలవుతుంది. శరమన్నా సాయకమన్నా బాణమే, మన్మథుడి బాణాలు ఐదు; శశి అన్నా చంద్రుడే, ఒక్కడు, షట్కం అంటే ఆరు. ఇలా ఒక్కో మాటకి ఒక్కో అంకె. ఆయన చదువుతుంటే నేను అరుగు మీద సుద్దముక్కతో రాస్తున్నాను. ఎడమ నుంచి మొదలుపెట్టేసరికి చెయ్యి పట్టుకుని ఆపి, "అలా కాదు అమ్మడూ, కుడి నుంచి ఎడమకి రాయి" అన్నారు. రాసి చూస్తే చివర 551615 వచ్చింది. మీ సంఖ్యలో చివరి ఆరంకెలూ అవే.

తర్వాత ఆ పద్యంలోని లెక్క చూపడానికి చదరంగం గళ్లు గీసి బియ్యం గింజలు పెట్టించారు. మొదటి గడిలో ఒకటి, తర్వాత రెండు, నాలుగు, ఎనిమిది. ఎనిమిదో గడిలో 128 పెట్టేటప్పటికి గింజలు పక్క గడిలోకి జారిపోతున్నాయి. మొత్తం 255. "ఇంకొక్క గింజ వెయ్యి" అన్నారు. 256, అంటే 2⁸. అలాగే 64 గళ్లకూ కలిపి 2⁶⁴లో ఒకటి తక్కువ. మీ సంఖ్య అదే.

ఇది తెలిస్తే భాగహారాలతో పనే లేదు. a²−1 = (a−1)(a+1) అని ఎనిమిదో తరగతిలోనే చదువుతాం. 2⁶⁴−1 అంటే (2³²−1)(2³²+1). మొదటిదాన్ని మళ్లీ అలాగే విడగొట్టండి, మళ్లీ, మళ్లీ. చివరికి 3, 5, 17, 257, 65537, 4294967297 మిగులుతాయి. నాకు ఇప్పటికీ ఇంతకంటే అందమైన లెక్క కనబడలేదు.

ఆఖరిది, అంటే 2³²+1 మాత్రం మొండిది. 2⁸+1, 2¹⁶+1, 2³²+1 వరసలో వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలేనని గణితవేత్త ఫెర్మా నమ్మాడు. 1732లో మరో గణితవేత్త ఆయిలర్ ఈ ఆఖరిదాన్ని 641తో భాగించి చూపించాడు. ఎందుకు పోతుందో చేత్తోనే చూడొచ్చు. 641 అంటే 5×2⁷+1, అదే 5⁴+2⁴ కూడా. మొదటి రూపం ప్రకారం 641తో భాగిస్తే 5×2⁷కి శేషం −1, కాబట్టి దాని నాలుగో ఘాతం 5⁴×2²⁸కి శేషం 1. రెండో రూపం ప్రకారం 5⁴ బదులు −2⁴ పెట్టుకోవచ్చు. అప్పుడు −2³²కి శేషం 1, అంటే 2³²+1 నిశ్శేషంగా పోతుంది. భాగఫలం 6700417, అదీ ప్రధాన సంఖ్యే.

కాబట్టి మీకు కావలసిన ఏడు ప్రధాన కారణాంకాలు 3, 5, 17, 257, 641, 65537, 6700417. ఏదీ రెండోసారి రాదు.