ముప్పై దాటాక ఎంబీబీఎస్: ఉద్యోగం మానేసే ముందు తేల్చుకోవాల్సినవి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: మీకు 31 ఏళ్ళు, బెంగళూరు మారతహళ్ళిలో ఉంటూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నారు. స్కూలు, ఇంటర్ ఎంపీసీ అన్నీ ఒంగోల్లోనే. నాన్నగారి డయాలసిస్ కోసం ఆసుపత్రుల చుట్టూ తిరిగిన రోజుల్లో డాక్టర్ కావాలన్న కోరిక పుట్టింది, అది పోవడం లేదు. వయసు దాటిపోయిందా, ఉద్యోగం మానేసి కోచింగ్‌లో చేరాలా అని అడిగారు.

నేను ఇంటర్‌లో బైపీసీ. ఎంసెట్‌లో మెడికల్ సీటు రాలేదు, బీఫార్మసీ చేశాను. తర్వాత బెంగళూరులోనే ఒక కంపెనీలో డ్రగ్ సేఫ్టీ విభాగంలో పనిచేశాను. ఏ మందు వేసుకుంటే ఎవరికి ఏ దుష్ప్రభావం వచ్చిందో రిపోర్టులు చదివి నమోదు చేసే పని. పెళ్ళయ్యాక, 31 ఏళ్ళ వయసులో ఎంబీబీఎస్‌లో చేరాను. ఇప్పుడు ఇక్కడే ఒక ప్రైవేటు కాలేజీలో ఫైనలియర్‌లో ఉన్నాను.

వయసు సంగతి ముందు తీసేద్దాం. ఒకప్పుడు జనరల్ వాళ్ళకు 25, రిజర్వేషన్ ఉన్నవాళ్ళకు 30 దాటితే మెడికల్ ప్రవేశ పరీక్ష నీట్‌కు కుదరదన్న నిబంధన ఉండేది. దాని మీద కోర్టు కేసులు నడిచాయి. రాస్తే రాయనిస్తారా, సీటు వస్తే ఉంచుతారా అని మాలాంటి వాళ్ళం ఏళ్ళ తరబడి ఊగిసలాడాం. 2022 మార్చిలో ఆ గరిష్ఠ వయోపరిమితి ఎత్తేశారని ప్రకటన వచ్చింది. ఆ ఏడాదే రాశాను. ఇప్పుడు చేరే ఏడాది డిసెంబరు 31 నాటికి 17 నిండితే చాలు, పైన హద్దు లేదు. కాబట్టి "ఈ వయసులో ఇస్తారా" అన్న టెన్షన్ మీకు అక్కర్లేదు.

మీకు అసలు అడ్డు బయాలజీ. ఎంపీసీ చదివినవాళ్ళకు ఈ దారి చాలాకాలం మూసే ఉంది. 2023 నవంబరులో నేషనల్ మెడికల్ కమిషన్ ఇచ్చిన నోటీసు దాన్ని తెరిచింది. ఇంటర్ అయిపోయిన తర్వాత గుర్తింపు ఉన్న బోర్డు నుంచి బయాలజీని గానీ బయోటెక్నాలజీని గానీ అదనపు సబ్జెక్టుగా పాసైనా నీట్‌కు అర్హులే. నేషనల్ ఓపెన్ స్కూల్‌లో మొత్తం కోర్సు కాకుండా ఒకటి రెండు సబ్జెక్టులకే చేరే పద్ధతి ఉంది. ఉద్యోగంలో ఉన్నవాళ్ళకు అది వీలుగా ఉంటుంది. అందులో ప్రాక్టికల్స్ కూడా ఉంటాయి, వాటిని తేలిగ్గా తీసుకోకండి. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ మూడూ కలిపి కనీసం ఎంత శాతం అడుగుతున్నారో కౌన్సెలింగ్ నోటిఫికేషన్‌లో చూసుకోవాలి. మీ పాత ఇంటర్ మార్కుల మెమో తీసి ఈ లెక్క ఇవాళే చూసుకోండి.

తర్వాతది లోకల్, అంటే సీట్ల కోసం మిమ్మల్ని ఏ రాష్ట్రం వాళ్ళుగా లెక్కిస్తారన్నది. దీని గురించి బెంగళూరులో ఉండే మనవాళ్ళలో చాలామందికి సరైన అవగాహన లేదు. "పదేళ్ళుగా ఇక్కడే ఉంటున్నాం, ఇక్కడే ట్యాక్స్ కడుతున్నాం, ఆధార్ కూడా ఇక్కడిదే, ఇక కర్ణాటక గవర్నమెంట్ సీటు ఎందుకు రాదు" అనుకుంటారు. రాదు. కర్ణాటక ప్రభుత్వ కోటాకు ముఖ్యంగా చూసేది ఈ రాష్ట్రంలో ఏడేళ్ళు చదివారా అని. మనలా ఉద్యోగానికి వచ్చినవాళ్ళు మల్లేశ్వరంలోని కేఈఏ (కర్ణాటక పరీక్షల సంస్థ) నడిపే కౌన్సెలింగ్‌లో ప్రైవేటు కాలేజీల్లోని ప్రైవేటు సీట్లకు మాత్రమే పోటీ పడగలరు. నేను అలా చేరినదాన్నే. ఫీజు ఏడాదికి పది లక్షలకు అటూ ఇటూ. నాలుగున్నరేళ్ళకు ఎంతవుతుందో వేసుకోండి.

మీరు స్కూలు నుంచి ఇంటర్ దాకా ఒంగోల్లో చదివారు కాబట్టి ఆంధ్రప్రదేశ్‌లో లోకల్ అవుతారు. ఇంటర్‌తో ముగిసే వరస నాలుగేళ్ళ చదువు ఎక్కడన్నదే అక్కడ చూస్తారు. ఆ తర్వాత ఎక్కడ బీటెక్ చేశారు, ఎక్కడ ఉద్యోగం చేశారు అన్నది అడ్డు కాదు. విజయవాడలోని ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ విడిగా నోటిఫికేషన్ ఇస్తుంది, దానికి మీరు విడిగా అప్లై చేయాలి. నీట్ రాసినంత మాత్రాన మీ పేరు అక్కడికి దానంతట అది వెళ్ళదు. విజయనగరం, రాజమండ్రి, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాలల్లో 2023లో కొత్త ప్రభుత్వ కాలేజీలు మొదలయ్యాయి. వాటిలో సీట్లన్నీ తక్కువ ఫీజువి కావు, ఆప్షన్లు పెట్టేటప్పుడు ఏ కేటగిరీయో చూసి పెట్టండి. ఇవి కాక దేశవ్యాప్తంగా ప్రభుత్వ కాలేజీల్లో 15 శాతం సీట్లు ఆలిండియా కోటాలో ఉంటాయి. స్కూలు స్టడీ సర్టిఫికెట్లు పోగొట్టుకుని ఉంటే ఈ సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడే తెచ్చుకోండి. కౌన్సెలింగ్ వేళ పరుగెత్తితే హెడ్మాస్టర్ సెలవులో ఉంటారు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మీరు తేల్చుకోవాల్సింది ఎంబీబీఎస్ సీటు వస్తుందా రాదా అని కాదు. మీరు మోయగలిగిన ఫీజుకు సీటు రావాలంటే ఎంత ర్యాంకు కావాలి అని. క్వాలిఫై కావడం వేరు, సీటు రావడం వేరు. 2025లో జనరల్ వాళ్ళకు అర్హత మార్కు 720కి 144. ఆ మార్కులతో గవర్నమెంట్ సీటు కలలో కూడా రాదు. పైగా మార్కుల లెక్క ఏడాదికేడాది మారిపోతుంది. 2024లో 720కి 720 వచ్చినవాళ్ళు పదిమందికి పైనే ఉన్నారు, 2025లో అందరికన్నా ఎక్కువ వచ్చింది 686. అందుకని మార్కులు చూసుకుని మురిసిపోవద్దు, బెంగపడొద్దు. మీ కేటగిరీలో ఆంధ్రాలో ప్రభుత్వ కాలేజీల్లో చివరి సీటు ఏ ర్యాంకుకు వెళ్ళిందో రెండు మూడేళ్ళవి తీసి చూడండి.

చదువు విషయంలో మీకు నాకన్నా ఒక మేలుంది. నీట్‌లో 180 ప్రశ్నలు. ఫిజిక్స్ 45, కెమిస్ట్రీ 45, బయాలజీ 90. బైపీసీ పిల్లలు ఫిజిక్స్‌కు జడుస్తారు, మీకు అది పాత పరిచయమే. బయాలజీ సగం మార్కులు, అయినా అందులో తర్కం తక్కువ, ఓపిక ఎక్కువ కావాలి. ఎన్సీఈఆర్టీ పదకొండు, పన్నెండు పుస్తకాలు బొమ్మల కింద రాసిన చిన్న అక్షరాలతో సహా మళ్ళీ మళ్ళీ చదవాలి. కోచింగ్ గురించి అడిగారు కదా, ఉద్యోగం మానేసి పదిహేడేళ్ళ పిల్లలతో పొద్దున ఆరింటి బ్యాచ్‌లో కూర్చోవాల్సిన పని లేదని నా గట్టి అభిప్రాయం. ఆన్‌లైన్ క్లాసులు, పాత పేపర్లు, ప్రతి ఆదివారం మూడు గంటల మాక్ టెస్టు. ఇలా ఏడాది చేసి, మాక్ టెస్టుల్లో మీకు కావాల్సిన ర్యాంకు దరిదాపుల్లోకి వస్తుంటే అప్పుడు చివరి మూడు నాలుగు నెలలకు సెలవో రిజైనో ఆలోచించండి. అంతకుముందు వద్దు.

అన్నట్టు, మారతహళ్ళిలో ప్రతి సందులో విదేశీ ఎంబీబీఎస్ బోర్డులు కనిపిస్తుంటాయి. దానికీ నీట్ క్వాలిఫై కావాలి. అక్కడ కనీసం 54 నెలల కోర్సు, అక్కడే ఏడాది ఇంటర్న్‌షిప్, తిరిగొచ్చాక ఇక్కడ స్క్రీనింగ్ పరీక్ష, మళ్ళీ ఇక్కడ ఏడాది ఇంటర్న్‌షిప్. మీ వయసులో నేను ఆ వైపు చూడమని చెప్పను.

ఇప్పుడు కోరిక సంగతి. నాన్నగారి పక్కన మీరు చూసింది రోగి కుటుంబం చూసే ఆసుపత్రి. డాక్టర్ చూసే ఆసుపత్రి వేరు. ఆ తేడా చూడకుండా రిజైన్ చేయొద్దు. మీకు దగ్గర్లోనే, కుందలహళ్ళి గేటు దగ్గర కరుణాశ్రయ ఉంది. క్యాన్సర్ ముదిరినవాళ్ళకు ఉచితంగా ఉపశమన వైద్యం చేస్తారు, వాలంటీర్లను కూడా తీసుకుంటారు. కొన్ని శనివారాలు అక్కడ గడపండి. నయం చేయలేని చోట కూడా చేయడానికి ఎంత పని ఉంటుందో తెలుస్తుంది. ఆ పని మీ మనసుకు పడుతుందో లేదో కూడా తెలుస్తుంది.

నాకు ఎప్పుడు గట్టిగా అనిపించిందో చెబుతాను. సర్జరీ పోస్టింగులో మదనపల్లె వైపు నుంచి వచ్చిన ఒక టమోటా రైతు. షుగరు. కుడికాలి బొటనవేలి కింద పుండు. నేను తెలుగులో పలకరించగానే ఆయన ప్రాణం లేచొచ్చింది, అప్పటిదాకా కొడుకు కన్నడంలో తడబడుతూ చెబుతున్నాడు. ఆయన్ని కళ్ళు మూసుకోమని, మోనోఫిలమెంట్ అనే సన్నటి నైలాన్ పోగును అరికాలికి ఆనించి అది వంగేదాకా నొక్కాను. వంగిందంటే పది గ్రాముల ఒత్తిడి పడినట్టు. మామూలు మనిషికి ఆ మాత్రం తెలియాలి. తెలిసినప్పుడల్లా చెప్పమన్నాను. బొటనవేలి దగ్గర, చిటికెనవేలి దగ్గర, ముంగాలి కింద పెట్టాను. ఆయన కాసేపు ఆగి, "ఎప్పుడు పెడతావు తల్లీ?" అన్నాడు. తర్వాత మెల్లగా చెప్పాడు, చెప్పులోంచి మేకు గుచ్చుకున్నా తెలీక పొద్దంతా తోటలో తిరిగాడట. సాయంత్రం రక్తం చూసి భార్య అరిచిందట.

ఆఫీసులో నేను చదివిన వేల రిపోర్టుల్లో రోగి అంటే వయసు, లింగం, ఊరు లేని ఒక నంబరు. ఒక రోగి, ఒక మందు, ఒక రియాక్షన్, రిపోర్టు చేసినవాళ్ళు ఒకరు. ఈ నాలుగూ ఉంటే కేసు చెల్లుతుంది. ఆ పని చిన్నదని అనను. మందులు సురక్షితంగా ఉండటానికి అది కావాలి. కానీ నాకు కావాల్సింది ఆ రైతు పాదం దగ్గర కూర్చునే పని. ఆ రోజు ఆయనకు రోజూ రాత్రి అద్దంలో అరికాళ్ళు చూసుకోవడం, చెప్పులు వేసుకునే ముందు దులపడం నేర్పించాను. డిశ్చార్జి రోజు కొడుకుతో అదే మళ్ళీ చెప్పిస్తూ కనిపించాడు.

కష్టం గురించి కూడా దాచను. మొదటి ఏడాది అనాటమీ పేర్లు రాత్రి చదివితే పొద్దునకు ఉండేవి కావు. పద్ధెనిమిదేళ్ళ పిల్లలకు ఒకసారి చూస్తే వచ్చేది నాకు నాలుగుసార్లు బొమ్మ వేస్తే గానీ రాలేదు. థియరీలో 75 శాతం, ప్రాక్టికల్స్‌లో 80 శాతం హాజరు ఉండాలి. ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా వర్క్ ఫ్రమ్ హోమ్ అడగడానికి ఉండదు. లేబర్ రూమ్ నైట్ డ్యూటీ తర్వాత నడుము నొప్పి నా క్లాస్‌మేట్లకు రాదు, నాకొస్తుంది. అయితే ఆ పిల్లలే నన్ను అక్కా అని పిలిచి నోట్సు పంచుకున్నారు, వైవా ముందు పక్కన కూర్చోబెట్టుకుని ప్రశ్నలడిగారు. ఆ విషయంలో మీరు భయపడక్కర్లేదు.

కాలం లెక్క కూడా కళ్ళెదురుగా పెట్టుకోండి. బయాలజీ, నీట్ కలిపి రెండేళ్ళు అనుకుంటే 33లో చేరతారు. నాలుగున్నరేళ్ళ కోర్సు, ఏడాది హౌస్ సర్జన్సీ. అంటే బయటికొచ్చేసరికి 39. పీజీ చేస్తే ఇంకో మూడేళ్ళు, దాని ఎంట్రన్స్‌కు పట్టే కాలం వేరే. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారని రాశారు. వచ్చే అమ్మాయికి, వాళ్ళింట్లోవాళ్ళకు ఈ సంగతి పెళ్ళిచూపుల్లోనే చెప్పండి. దాదాపు ఐదారేళ్ళ పాటు ఇంట్లోకి మీ జీతం రాదు. నిశ్చితార్థం అయ్యాక ఈ మాట బయటపెట్టడం ఆ అమ్మాయికి అన్యాయం. మాకు మావారి జీతం, ఊళ్ళో స్థలం అమ్మిన డబ్బు, కొంత బ్యాంకు లోను కలిస్తే గానీ గడవలేదు. చదువు లోనుకు సాధారణంగా కోర్సు అయ్యాక ఏడాది దాకా వాయిదాలు అడగరు, కానీ వడ్డీ మాత్రం మొదటి రోజు నుంచే పెరుగుతుంటుంది. వీలైతే నెలనెలా వడ్డీ అయినా కట్టేయండి.

మీ ఇంటి పరిస్థితిలో చాలా ముఖ్యమైనది ఇంకొకటి. నాన్నగారి డయాలసిస్ ఖర్చు ఇప్పుడు మీ కంపెనీ ఇన్సూరెన్స్ నుంచి వెళ్తుంటే, మీరు మానేసిన రోజునే ఆ కవర్ ఆగిపోతుంది. ఆ పాలసీని సొంత పాలసీగా మార్చుకునే వీలుందేమో నోటీస్ పీరియడ్‌కు చాలా ముందే హెచ్ఆర్‌ను అడగండి. ఆయనకు ఈ జబ్బు ఉండగా బయట కొత్త పాలసీ దొరకడం చాలా కష్టం, దొరికినా పాత జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది. ఏపీలో రేషన్ కార్డు, ఆదాయం లెక్కను బట్టి ఎన్టీఆర్ వైద్య సేవ (పాత ఆరోగ్యశ్రీ) కింద డయాలసిస్ జరుగుతుందేమో ఒంగోలులో కనుక్కోండి. మీకు టర్మ్ పాలసీ (జీవిత బీమా) లేకపోతే జీతం స్లిప్పులు చేతిలో ఉండగానే తీసుకోండి, ఆదాయం చూపించకుండా అది దొరకడం కష్టం. ఈ రెండూ తేలాక బయాలజీ అడ్మిషన్ ఫారం నింపండి.