చిన్నపిల్లల ఎదుగుదల మీద డిగ్రీ చేయొచ్చా? చేసినదాన్ని కాబట్టి చెప్తున్నా

ఇంటర్ అయ్యాక చిన్నపిల్లల మీద డిగ్రీ చేయాలని ఉంది, ఇంట్లో మాత్రం "ఆయా పనికి నాలుగేళ్ల చదువెందుకు" అంటున్నారు, ఏం చేయను అని అడిగారు. మా ఇంట్లోనూ ఇదే మాట. మా మేనత్త ఇంకాస్త ఘాటుగా అంది, అదిక్కడ రాయను.

నేను చేసింది హోమ్ సైన్స్ బీఎస్సీ. వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో ఇప్పుడు దాన్నే కమ్యూనిటీ సైన్స్ అంటున్నారు. ఈ దారిలో వెళ్తే నాలుగేళ్లూ పిల్లల గురించే చదవరు, అది ముందే తెలుసుకోండి. పోషకాహారం, బట్టలు, ఇంటి నిర్వహణ, విస్తరణ (నేర్చుకున్నదాన్ని ఊళ్లలో జనానికి చేర్చడం) అన్నీ ఉంటాయి. పిల్లల సంగతి చూసే విభాగం పేరు హ్యూమన్ డెవలప్‌మెంట్ అండ్ ఫ్యామిలీ స్టడీస్. పిల్లలే కావాలంటే ఎమ్మెస్సీ దాకా వెళ్లాల్సిందే. బట్టలకు రంగులద్దే ప్రాక్టికల్స్ నాకు మహా విసుగు. పోషకాహారం మాత్రం తర్వాత అంగన్‌వాడీల్లో అడుగడుగునా అక్కరకొచ్చింది.

అసలు చదువంతా కాలేజీ ఆవరణలోని నర్సరీ బడిలోనే. ఓ మూల కూర్చుని ఒక్క పిల్లాడినే చూస్తూ, కనిపించింది కనిపించినట్టు రికార్డులో రాయాలి. "అల్లరి చేశాడు" అని ఎవరు రాసినా మేడమ్ కొట్టేసేవారు. ఏం చేశాడు? బ్లాకు లాక్కున్నాడా? అంతకుముందు పక్కపిల్ల ఏం చేసింది? లాక్కున్నాక ఎవరివైపు చూశాడు? ఇలా వారాల తరబడి రాస్తే, మొండివాడని అందరూ అనుకునే పిల్లాడు మాటలు సరిగ్గా రాక చేత్తో అడుగుతున్నాడని తేలేది.

పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో పరిశోధించిన మనస్తత్వవేత్త పియాజే ప్రయోగం చింతపిక్కలతో చేయించారు. రెండు వరసలు సమానంగా పేర్చి, ఒకదాన్ని ఎడంగా జరిపి "ఇప్పుడు ఏది ఎక్కువ?" అంటే నాలుగేళ్ల పిల్లలు చాలామంది పొడుగు వరసే చూపిస్తారు. పుస్తకంలో ఉన్నట్టే జరిగిందని మేం సంబరపడుతుంటే, 1970లలో మనస్తత్వవేత్తలు మెక్‌గారిగల్, మార్గరెట్ డొనాల్డ్‌సన్ చేసిన ప్రయోగం గురించి మేడమ్ చెప్పారు. అక్కడ వరసను చెదరగొట్టింది పెద్దవాళ్లు కాదు, ఓ తుంటరి ఎలుగుబంటి బొమ్మ. అప్పుడు సరైన జవాబు చెప్పిన పిల్లలు బాగా పెరిగారు. పెద్దవాళ్లు కావాలని జరిపి, అడిగిందే మళ్లీ అడిగితే జవాబు మార్చాలి కాబోలని పిల్లలు అనుకుంటారట. అంటే పిల్లాడికి తెలియదని తేల్చేముందు మనం ఎలా అడిగామో చూసుకోవాలి. "నాలుగేళ్లు ఎందుకు" అనేవాళ్లకు నేను చెప్పేది ఇదే. మేనత్తకు చెప్పినా వినలేదనుకోండి.

ఇక ఉద్యోగాలు. ప్రైవేటు ప్రీస్కూళ్లలో జీతాలు తక్కువ. డిగ్రీకీ చిన్నపాటి సర్టిఫికెట్ కోర్సుకీ తేడా చూడని చోట్లే నాకు ఎక్కువ కనిపించాయి. 2020 జాతీయ విద్యా విధానం 3 నుంచి 8 ఏళ్ల వరకు ఒకే పునాది దశగా పెట్టి ఆటపాటలతో నేర్పమంది. మూడేళ్ల పిల్లాడి చేత ఏబీసీడీలు రాయించమనే తల్లిదండ్రులు మాత్రం ఎక్కడికీ పోలేదు. ఆ గొడవ పడే ఓపిక ఉండాలి. ప్రభుత్వం వైపు, అంగన్‌వాడీలను నడిపే, 1975లో మొదలైన ఐసీడీఎస్‌లో సూపర్‌వైజర్, సీడీపీవో (శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారి) పోస్టులుంటాయి. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో చెప్పలేం, వచ్చినప్పుడల్లా అర్హతలు చదువుకోండి. సర్కారు బడిలో టీచరు కావాలంటే డీఎడ్ లేదా బీఎడ్, టెట్ తప్పవు. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు స్పెషల్ టీచరుగా పనిచేయాలంటే భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ గుర్తించిన కోర్సు వేరే చేయాలి, ఈ డిగ్రీ ఒక్కటే చాలదు. నేను స్వచ్ఛంద సంస్థలో అంగన్‌వాడీ టీచర్లకు శిక్షణ ఇస్తున్నాను. జీతం గొప్పగా ఉండదు, పని మాత్రం నాకిష్టం.

చేరేముందు మీ ఊరి అంగన్‌వాడీ టీచరుగారిని అడిగి కొన్ని పూటలు అక్కడ కూర్చోండి. పిల్లల్ని ఎత్తుకుని ముద్దుచేయడానికి కాదు, ఊరికే చూడటానికి. అరగంటకే ఫోను తీయబుద్ధయితే ఇంకోసారి ఆలోచించుకోండి. కాలేజీల్లో సీనియర్లను పట్టుకుని, నర్సరీ బడి నిజంగా నడుస్తోందా, అందులో కూర్చోనిస్తారా అని అడగండి. ఫీజు తక్కువని అది లేని చోట చేరకండి.