హీలా కణాల మీద నట్లిన్ ఎందుకు పనిచేయడం లేదు – సమాధానం

నట్లిన్-3 మందు వేసి 24 గంటలు ఉంచినా హీలా కణాల్లో (ల్యాబ్‌లో పెంచే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కణాలు) క్యాన్సర్‌ను అడ్డుకునే పి53 ప్రొటీన్ పెరగలేదని, బతికున్న కణాలను అంచనా వేసే ఎంటీటీ పరీక్షలోనూ తేడా కనబడలేదని రాశారు. మందు పాడైందేమోనని టెన్షన్ పడకండి. నా అనుమానం కణాల మీదే.

పి53 తన ఫినైల్‌అలనిన్ 19, ట్రిప్టోఫాన్ 23, ల్యూసిన్ 26 అనే మూడు అమైనో ఆమ్లాలను, తనను నాశనానికి పంపే ఎండీఎం2 అనే ప్రొటీన్ మీదున్న గుంటలో దూర్చి అతుక్కుంటుంది. 2004లో రోష్ పరిశోధకులు ప్రకటించిన నట్లిన్‌లు ఆ మూడింటి చోటునే ఆక్రమిస్తాయి. కాబట్టి పి53ని నాశనం చేస్తున్నది ఎండీఎం2 అయితేనే ఈ మందుకు పని. హీలాలో ఉన్నది హెచ్‌పీవీ-18. ఆ వైరస్ ఈ6 ప్రొటీన్, కణంలోని ఈ6ఏపీ అనే లైగేజ్‌ను (ప్రొటీన్లకు నాశనం గుర్తు తగిలించే ఎంజైమ్) తోడు తెచ్చుకుని పి53ని ప్రోటియాజోమ్‌కి, అంటే ప్రొటీన్లను ముక్కలు చేసే యంత్రానికి పంపేస్తుంది. పక్కింటి కుళాయి కడితే మనింట్లో నీళ్లు ఆగవు కదా!

ఎస్‌జేఎస్‌ఏ-1 అనే ఎముక క్యాన్సర్ కణాలతో మళ్లీ చేయండి. వాటిలో పి53 మామూలుగానే ఉంటుంది, ఎండీఎం2 జన్యువు కాపీలు బాగా ఎక్కువ. దొరికితే హెచ్‌సీటీ116 అనే పెద్దపేగు క్యాన్సర్ కణాల్లో పి53 ఉన్నవీ తీసేసినవీ పక్కపక్కన పెట్టండి, పోల్చి చూడటానికి అంతకంటే మంచి కంట్రోల్ లేదు. సావోస్-2 అనే ఎముక క్యాన్సర్ కణాల జోలికి మాత్రం వెళ్లకండి, వాటిలో పి53యే లేదు.

ఎంటీటీ ఒక్కటే నమ్మొద్దు. హెచ్‌సీటీ116 కణాలు ఎక్కువగా చావవు, విభజన ఆపేస్తాయి. వెస్టర్న్ బ్లాట్‌లో (ప్రొటీన్ ఎంత ఉందో చూపే పరీక్ష) పి53తో పాటు విభజనను ఆపే పి21, ఎండీఎం2 కూడా చూడండి. ఎండీఎం2 పెరిగితే కంగారు వద్దు, అది పి53 నడిపించే జన్యువే. మందు పనిచేస్తోందనడానికి గుర్తు.

ఇంకోటి, సీసా మీద నట్లిన్-3 అని మాత్రమే ఉంటే అందులో సగం పనిచేయని రూపం ఉండవచ్చు. పనిచేసే రూపమైన నట్లిన్-3ఏ తెప్పించుకోండి.