రెండు పేజీల మ్యాగజైన్ ముందేసుకుని కూర్చుంటే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి మీడియా కోర్సు చదువుతోంది. ప్రాజెక్టు పేరుతో ఒక మ్యూజిక్ మ్యాగజైన్‌లోని రెండు పేజీలు ముందేసుకుని రోజుల తరబడి గీతలు గీస్తోంది. పత్రికలే మూతపడుతున్న కాలంలో ఇదేం చదువు? మాన్పించి, యాప్‌లు, వెబ్‌సైట్ల తెరలు డిజైన్ చేయడం నేర్పే యూఐ–యూఎక్స్ కోర్సులో చేర్పిద్దామనుకుంటున్నాం. రెండింటినీ పోల్చి చెప్పగలరు. తను గీసిన పేజీల ఫొటో జతచేస్తున్నాను. – ఒక తండ్రి

జవాబు: కోర్సుల పేర్లు మారుతుంటాయి గానీ ఈ ఉత్తరం నాకు కొత్త కాదు. మీ అమ్మాయి రేపు తన కాళ్ల మీద తాను నిలబడగలదా అన్నదే మీ బెంగ. నిలబడుతుంది. ఆ మాట ఊరికే అనడం లేదు, ఫొటో పెద్దది చేసి చూశాకే అంటున్నాను.

మీ భయం అబద్ధమేం కాదు. 1952లో మొదలైన బ్రిటన్ మ్యూజిక్ పత్రిక ఎన్ఎంఈ వారం వారం అచ్చు వేయడం 2018లో ఆపేసింది. 1986 నుంచి వస్తున్న అక్కడి మరో మ్యూజిక్ పత్రిక ‘క్యూ’ 2020లో ఆగిపోయింది. మ్యూజిక్ మ్యాగజైన్‌లో పేజీలు పెట్టే ఉద్యోగం కోసమే చదివిస్తున్నామంటే నేనే వద్దంటాను. కానీ మీ అమ్మాయి చేస్తున్నది వేరే పని. తను ఏం రాసిందో మీరు ఒక్కసారైనా చదివారా? గీతలు చూశారు, అక్షరాలు చూడలేదని మీ ఉత్తరమే చెబుతోంది.

ఎడమ పేజీ నిండా గాయని ఫొటో. పక్కన మీ అమ్మాయి రాసింది: ‘ఆమె చూపు కుడి పేజీ మీద ఉంది. ఆ చూపు పడే ఎత్తులోనే హెడ్డింగ్ మొదలైంది.’ కింద ఇంకో మాట: ‘ముఖం మడతలో పడకుండా ఎడమకు జరిపారు. భుజం మాత్రం మడత దాటి కుడి పేజీలోకి వచ్చింది. అందుకే రెండు పేజీలూ ఒకటే అనిపిస్తున్నాయి.’ ఇది గమనించడం చిన్న విషయం కాదండీ. పిన్ను కొట్టిన పత్రికలో నడిమి పేజీలు తప్ప మిగతా ఎదురెదురు పేజీలు వేర్వేరు కాగితాల మీద అచ్చవుతాయి. వెంట్రుకవాసి తేడా వచ్చినా ముఖం రెండు ముక్కలవుతుంది. జిగురు పెట్టి బైండు చేసిన పత్రికైతే మడత దగ్గర కొంత భాగాన్ని మింగేస్తుంది. ఈ కారణాలు కూడా రాయమనండి.

అన్నీ బాగున్నాయని కాదు. ‘రంగులు ఆకట్టుకుంటున్నాయి’, ‘ఫాంటు స్టైలిష్‌గా ఉంది’ అన్న రెండు వాక్యాలూ కొట్టేయాలి. హెడ్డింగ్ నారింజ రంగు గాయని జాకెట్ నుంచే తీసుకున్నారు, ఆ ముక్క రాస్తే చాలు. పెద్ద అక్షరాల్లో విడిగా వేసిన పుల్ కోట్‌కు సున్నా చుట్టి వదిలేసింది. ఇంటర్వ్యూ మొత్తంలో ఆ ఒక్క మాటనే ఎందుకు పైకి లాగారు? పేజీలు తిరగేసే మనిషిని ఆపడానికి. పాఠకుడు దేనికి ఆగుతాడని ఆ పత్రిక అనుకుంటోందో అక్కడే బయటపడుతుంది.

అమెరికా మ్యూజిక్ పత్రిక ‘రే గన్’ గురించి కూడా చదవమనండి. దాని డిజైనర్ డేవిడ్ కార్సన్ 1994లో ఒక ఇంటర్వ్యూ చప్పగా ఉందని దాన్ని అక్షరాలకు బదులు గుర్తులుండే జాఫ్ డింగ్‌బాట్స్ ఫాంటులో పెట్టేశాడు. ఎవరూ చదవలేరు. చదవదగ్గ రూపంలో ఆ ఇంటర్వ్యూని అదే సంచిక వెనక పేజీల్లో ఇచ్చారు. అది డిజైనా, అల్లరా? నాకైతే అల్లరే ఎక్కువనిపిస్తుంది. మీ అమ్మాయి కాదంటే కారణాలు చూపించాలి. అన్నట్టు, కార్సన్ డిగ్రీ చేసింది సోషియాలజీలో.

ఇక మీరు ముచ్చటపడుతున్న యూఐ–యూఎక్స్. ఆ రంగం మీద నాకు చిన్నచూపు లేదు. కొన్ని నెలల్లో డిజైనర్‌ని చేస్తామనే కోర్సుల మీదే అనుమానం. వాటిలో ఎక్కువ భాగం సాఫ్ట్‌వేర్ నేర్పడంతోనే సరిపోతుంది. తెరలు గీసే సాఫ్ట్‌వేర్ ఫిగ్మాలో ఏ బటన్ ఎక్కడుందో ఎవరైనా నేర్చుకోవచ్చు. ఆ బటన్ అక్కడే ఎందుకుండాలో చెప్పగలిగినవాళ్లు తక్కువ. అక్కణ్నుంచి వచ్చిన పిల్లల పోర్ట్‌ఫోలియోలు, అంటే వాళ్లు చేసిన పనుల నమూనాలు, నా దగ్గరికి వస్తుంటాయి. అదే యాప్‌ని మళ్లీ డిజైన్ చేయడం, అవే పసుపు చీటీలు, అవే ఊహాజనిత కస్టమర్లు. ‘ఇదెందుకిలా?’ అని అడిగితే ‘మాకు అలాగే చెప్పారు సార్’ అంటారు. పైగా ఓ మోస్తరు స్క్రీన్లు ఇప్పుడు ఏఐ కూడా గీసిపెడుతోంది. ఎవరో చేరారని మీ అమ్మాయిని అక్కడికి తోయకండి. తను అడిగితే వేరే సంగతి. తన ఇష్టమేమిటో మీ ఉత్తరంలో ఒక్క ముక్కా లేదు.

పోలిక అడిగారు కదా. చూపు ఎటు వెళ్తుంది, ఏది ముందు చదువుతారు, ఎంత ఖాళీ వదలాలి అన్నవి కాగితానికీ ఫోనుకీ ఒకటే. తేడా ఏమిటంటే కాగితం సైజు మారదు, మీద నొక్కితే ఏమీ జరగదు. ఫోనులో రెండూ చూసుకోవాలి, అది తర్వాత నేర్చుకోవచ్చు.

ప్రాజెక్టు పూర్తి చేయనివ్వండి. తర్వాత అదే ఇంటర్వ్యూని ఫోను తెరకు సరిపోయేలా మళ్లీ పెట్టి, దేన్ని ఎందుకు మార్చిందో పక్కన రాయమనండి. రెండూ కలిపితే పోర్ట్‌ఫోలియోలో మొదటి పని అవుతుంది. అప్పటికీ యూఎక్స్ కోర్సు కావాలని తనే అంటే, ఫీజు కట్టేముందు అక్కడ చదివినవాళ్ల పోర్ట్‌ఫోలియోలు నాలుగు అడిగి పక్కపక్కన పెట్టి చూడండి. నాలుగూ ఒకేలా ఉంటే కట్టకండి.