పెయింట్ మీద బుడగ లేచిందంటే

అమ్మలూ,

నువ్వు పాత కారు కొన్నావనీ, దాని తుప్పు నువ్వే వదిలిస్తానంటున్నావనీ మీ నాన్న నిన్న రాత్రి ఫోన్లో చెప్పాడు. వాడి గొంతులో గర్వం ఎంతుందో బెంగ కూడా అంతే ఉంది. నా సంగతీ అంతే. "ఎమరీ పేపర్లు కొనుక్కుందా?" అని అడగాల్సినవాణ్ణి, నోరు జారి "జాకీ ఎక్కడ పెడుతోందట?" అన్నాను. అవతల వాడు కాసేపు మాట్లాడలేదు. ఎందుకో కింద రాస్తాను.

నువ్వు పంపిన ఫొటో చూశాను. "డోర్ కింద రెండే బుడగలు పెదనాన్నా, అంతే" అని రాశావు. ఆ "అంతే" దగ్గరే నాకు పేచీ. రాయి తగిలి పెయింట్ ఊడిన చోట పట్టే తుప్పు వేరు. అక్కడ దెబ్బ కనిపిస్తుంది, తుప్పు పైనుంచి లోపలికి పోతుంది. నీ ఫొటోలో గీత లేదు, గాటు లేదు, పెయింట్ నున్నగా ఉంది, దాని కింద బుడగ. తుప్పుకి ఇనుము కంటే ఎక్కువ చోటు కావాలి, అందుకే పెయింట్‌ని పైకి తోస్తుంది. అంటే చాలామటుకు ఇది రేకు లోపలి వైపు మొదలై, తింటూ తింటూ ఇప్పటికి ఇటు తేలింది. నువ్వు చూస్తున్నది చివరి మజిలీ. అక్కడ రుద్ది రంగేస్తే ఏడాది తిరక్కుండా మళ్లీ లేస్తుంది.

కాబట్టి ముందు నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయో వెతుకు. కిటికీ అద్దం పక్కనుంచి వాన నీళ్లు డోర్ లోపలికి దిగుతాయి. అది లోపం కాదు, దిగిన నీళ్లు పోవడానికి కింది అంచులో చిన్న కంతలుంటాయి. మట్టి చేరి అవి పూడుకుంటే డోర్ కాస్తా తొట్టి అవుతుంది. డోర్ ప్యాడ్, అంటే లోపలివైపు అట్ట, విప్పి, టార్చ్ వేసి చూడు. కంతల్లో ప్లాస్టిక్ టై దూర్చి మట్టి లాగెయ్.

తర్వాత లోపలి కార్పెట్. పైన పొడిగా ఉందని నమ్మకు, దాని కింద స్పాంజ్ ఉంటుంది. అరచేత్తో గట్టిగా నొక్కు. తడి తగిలినా, ముక్కవాసన వచ్చినా మొత్తం ఎత్తాల్సిందే. స్టెప్నీ తీసి ఆ గుంట చూడు. బ్యాటరీ కింద, వైపర్ల దగ్గర ఆకులు చేరే సందు, ముందు అద్దం రబ్బరు అంచు, చక్రాల పైన మడిచిన రేకు లోపలివైపు, ఇవన్నీ వేలు పెట్టి తడుము. కళ్లకంటే వేళ్లు నయం.

పాత యజమాని ఏం దాచాడో కనిపెట్టడానికి అయస్కాంతానికి గుడ్డ చుట్టి బాడీ మీద జరుపుతూ పో. ఉక్కు రేకు మీద పట్టు సడలిన చోట కింద పుట్టీ, అంటే గుంటలు పూడ్చే ముద్ద, ఉంది. పెయింట్ మందం కొలిచే మీటర్ దొరికితే ఇంకా మంచిది. కంపెనీ పెయింట్ సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు ఉంటుంది. ఒక్కచోట వెయ్యి చూపిస్తే అది పెయింట్ కాదు, ఎవరో కప్పిపెట్టిన తప్పు.

ఆ తప్పు నాకు తెలుసు, ఎందుకంటే ఒకప్పుడు అది నాదే.

అప్పుడు నాకు ఇరవై ఆరు, మీ నాన్నకు ఇరవై రెండు. ఇద్దరం కలిసి ఒక పాత కారు కొన్నాం. నేను కార్ల షెడ్డులో చేరి ఏడాదైంది. పెయింట్ గన్ చేతికొచ్చిందని గాల్లో నడుస్తున్న రోజులు. డోర్ల కింద, ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా పెట్టెలా ఉంటుందే, సిల్ అంటారు, దాని మీద ఎడమవైపు ఒక బుడగ. గ్రైండర్ ఆనించాను. రేకు పొడిపొడిగా రాలి, బొటనవేలు దూరేంత కంత పడింది. మా మేస్త్రీకి చూపిస్తే కోసి కొత్త రేకు వెల్డింగ్ పెట్టాలంటాడు. వారం పని. నాకు ఆదివారం కల్లా కారు మెరవాలి. న్యూస్‌పేపర్ ఉండ చేసి కంతలో కుక్కి, పైన పుట్టీ లాగి, అద్దంలా రుద్ది రంగేశాను. అక్కడితో ఆగినా బాగుండేది. కింది వైపు రెండు కంతలు కనిపిస్తే, చక్రాల నీళ్లు పైకి చిమ్ముతాయనుకుని వాటినీ మూసేసి మందంగా తారు కోటింగ్ పూశాను. నీళ్లు బయటికి పోయే దారిని నా చేత్తో నేనే కట్టేశాను. చూసినవాళ్లంతా ఫినిషింగ్ అదిరిందన్నారు.

రెండు వానాకాలాలు గడిచాయి. ఒక సాయంత్రం దారిలో పంక్చర్. మీ నాన్న జాకీ పెట్టి లేపాడు. చక్రం విప్పే ముందు స్టెప్నీని తెచ్చి కారు కింద, సిల్ పక్కన పడుకోబెట్టాడు. "ఏంట్రా ఈ చాదస్తం" అని నవ్వాను. చక్రం విప్పాడు. బోల్టు ఒకటి లోపలికి దొర్లితే చెయ్యి చాపాడు. కర్రుమని ఒక చప్పుడు, పెద్దది కూడా కాదు. జాకీ తల సిల్ లోకి దిగిపోయింది, కారు వచ్చి స్టెప్నీ మీద కూర్చుంది. వాడి చెయ్యి బ్రేక్ డ్రమ్ము కిందే ఉంది. నేలకీ డ్రమ్ముకీ మధ్య స్టెప్నీ ఆపిన ఆ జానెడు సందు మిగిలింది కాబట్టి ఆ చెయ్యి ఇవాళ నీ తల నిమురుతోంది.

చిరిగిన రేకులోంచి పేపర్ ముద్ద వేలాడుతోంది. తడిసి నీళ్లోడుతున్నా అక్షరాలు చదవొచ్చు. వాడు దాన్ని చూశాడు, నన్ను చూశాడు. "అన్నయ్యా, దీని మీదేనా రంగేశావు?" అన్నాడు. అంతే, మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. తిట్టుంటే బాగుండేది.

అందుకే నీ రెండు బుడగల కంటే నాకు నీ కారు సిల్ మీద అనుమానం. జాకీ పెట్టే చోటు చుట్టూ స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడిచి చూడు. ఖణేల్మంటే సరే. మెత్తగా దిగితే కారు అక్కడ ఎత్తకు. కోయడం, వెల్డింగ్ చేయడం తెలిసినవాళ్లకు ఇవ్వు. బ్యాటరీ వైరు తీసి, కార్పెట్ పక్కకు లాగి, పెట్రోల్ పైపు ఎటు పోతోందో చూసుకునే వెల్డరైతేనే. సిల్ మీద పని నేర్చుకుంటానంటే నేను ఒప్పుకోను, అలిగినా సరే.

డోర్ బుడగలు మాత్రం నీవే. రేకు తెల్లగా మెరిసేదాకా రుద్దు, బుడగ చుట్టూ రెండు మూడు అంగుళాలు ఎక్కువే పో. గుంటల్లో మిగిలిన సన్న తుప్పుకి కన్వర్టర్, అంటే తుప్పుని గట్టి పూతగా మార్చే మందు, పూస్తే నల్లబడుతుంది. పెచ్చులు లేచే తుప్పు మీద అది పనిచేయదు. రేకు బయటపడ్డ రోజే ఎపాక్సీ ప్రైమర్, రేకుకి తేమ తగలనివ్వని తొలి పూత, కొట్టు, రేపు చూద్దాంలే అనకు. పుట్టీ తేమ పీలుస్తుంది, అందుకే ఎపాక్సీ మీదే వెయ్యి, పల్చగా. అదంతా ఆరాక డోర్ లోపల మైనం స్ప్రే చెయ్, కింది కంతలు మాత్రం తెరిచి ఉంచు. నేను మూసినవి చాలు.

రుద్దేటప్పుడు కళ్లద్దాలు, మాస్కు. హార్డెనర్ కలిపే పెయింట్‌కి గుడ్డ మాస్కు పనికిరాదు, గన్ పట్టే పని షెడ్డు వాళ్లకే వదిలెయ్. మా కాలంలో మూతికి రుమాలు కట్టుకునేవాళ్లం. నా దగ్గు నీకు తెలుసుగా.

డోర్ ప్యాడ్ విప్పగానే ఫొటో పంపు, ఏ వేళైనా పర్లేదు. జాకీ పెట్టే రోజు మాత్రం ముందే చెప్పు, వస్తాను. నీ పనిలో వేలు పెట్టను, పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటాను. కారు కింద స్టెప్నీ మాత్రం నేనే పెడతాను.

మీ పెదనాన్న