వినికిడికి తగ్గట్టు ధ్వనిని సర్దే హెడ్‌ఫోన్లను ఎలా ఎంచుకోవాలి?

ఎవరి వినికిడికి తగ్గట్టు వారికి ధ్వనిని సర్దిపెట్టే హెడ్‌ఫోన్లలో ఏది మేలన్నది, ముందుగా అది చెవిని ఎలా కొలుస్తుందన్న దానిపై ఆధారపడి ఉంటుంది. చాలావరకు యాప్ ద్వారా సన్నని కూతలు వినిపించి, వినబడగానే తెరను తాకమంటాయి; ఇది ఆడియోగ్రామ్ (ఏ స్వరం ఎంత మెల్లగా ఉన్నా వినబడుతుందో చూపే పటం) పరీక్షకు సరళ రూపం కనుక, గదిలో చప్పుడున్నా, ఇయర్‌టిప్ చెవిలో సరిగా అమరకపోయినా ఫలితం తప్పుతుంది. కొన్ని మాత్రం, 1978లో శాస్త్రవేత్త డేవిడ్ కెంప్ వెల్లడించిన ఒటోఅకూస్టిక్ ఎమిషన్లను, అంటే శబ్దానికి స్పందనగా లోపలి చెవి తిరిగి వెలువరించే అతి సూక్ష్మ ధ్వనులను, మైక్రోఫోన్‌తో పట్టుకుంటాయి.

వయసుతో సాధారణంగా ముందు తగ్గేది హెచ్చు పౌనఃపున్యాల (కీచు స్వరాల) వినికిడి. అయితే 8,000 హెర్ట్జ్ దగ్గర 30 డెసిబెల్స్ లోటుందని అక్కడ ఆ లోటు మొత్తం మేరకూ ధ్వనిని పెంచేస్తే సంగీతం కర్కశమవుతుంది. లోపలి చెవి దెబ్బతిన్నప్పుడు మెల్లని శబ్దాలు అందకపోయినా, పెద్ద శబ్దాలు తరచుగా దాదాపు మామూలు తీవ్రతతోనే వినిపిస్తాయి. అందుచేత సర్దుబాటు మోతాదును మార్చుకునే వీలు, ఒకే శబ్దస్థాయిలో సర్దుబాటుతోనూ లేకుండానూ పోల్చి వినే వీలు ఉన్నదానికే నా ఓటు (కాస్త బిగ్గరగా ఉన్నదల్లా బాగున్నట్టు తోచడం చెవికి పాత అలవాటే).

ఆడియాలజిస్టు (వినికిడి నిపుణుడు) ఇచ్చిన ఆడియోగ్రామ్ ఇప్పటికే మీ దగ్గర ఉంటే, కొత్తది కొనేముందు ఫోన్ సెట్టింగులు చూడండి. ఐఫోన్‌లో కొన్ని ఆపిల్, బీట్స్ హెడ్‌ఫోన్లకు ఆ ఆడియోగ్రామ్ ప్రకారమే ధ్వనిని సర్దే సదుపాయం ఉంది. పరీక్షలో రెండు చెవుల మధ్య పెద్ద తేడా కనిపిస్తే మాత్రం ముందు చెవి వైద్యుడికి చూపించుకోవాలి.